‘బావుంది బ్రదర్’

“దేవుడు మీ కలాన్ని ఇంకా బలంగా వాడుకోవాలి బ్రదర్.”

నేను చదివిన కథకి వచ్చిన మొదటి స్పందన ఇది. రెండోది “బావుంది బ్రదర్”. మూడోది కూడా “బావుంది బ్రదర్”. నాలుగో ఆయన కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాడు. తర్వాత సమోసాలొచ్చాయి. క్రైస్తవ రచయితలు నెలకోసారి కలిసే ఆ గదిలో ఇరవై మంది దాకా ఉన్నాం. కథ చదవడానికి పాతిక నిమిషాలు పట్టింది. చదవడం అయ్యాక, ఆ కథలో పిల్ల పేరేమిటని అడిగితే ఎంతమంది చెప్పేవారో నాకు అనుమానమే. ఆ పిల్లకి రెండు పేర్లున్నాయి. కథంతా ఆ రెండు పేర్ల గురించే.

చెప్పులేసుకుంటుంటే ఆ కూటం నడిపే పెద్దాయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశారు. “కథ బాగానే రాశారు. కానీ పిల్లలకి ఇది వద్దు. బయట ఎక్కడా వెయ్యకండి” అన్నారు మెల్లిగా. ఆ గదిలో కథ నిజంగా విన్నది ఆయనొక్కరేనని నాకు అప్పుడర్థమైంది.

కథ ఇది. పల్నాడులో ఒక పేట. పదేళ్ళ పిల్ల. ఇంట్లో, చర్చిలో గ్రేస్. స్కూలు రిజిస్టర్లో జ్యోతి. సండే స్కూల్లో పది ఆజ్ఞలూ తడుముకోకుండా అప్పజెప్పినందుకు స్టీలు టిఫిన్ బాక్సు ప్రైజొచ్చింది. అదే వారం కులం సర్టిఫికెట్ ఎంక్వైరీకి వీఆర్వో వస్తున్నాడని కబురొస్తుంది. నాన్న గోడ మీది ఏసుక్రీస్తు క్యాలెండర్ తీసి మంచం కింద పెడతాడు. అమ్మ బైబిల్ని బియ్యం డబ్బాలో దాస్తుంది. “ఎవరన్నా అడిగితే జ్యోతి అని చెప్పమ్మా, ఆ రెండో పేరు ఎత్తబాక” అంటాడు నాన్న. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ అప్పజెప్పి పిల్లకింకా నాలుగు రోజులు కాలేదు. టిఫిన్ బాక్సు గూట్లోనే ఉంది.

ఈ సంగతి తెలియని పాఠకులకి రెండు ముక్కలు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులైతేనే షెడ్యూల్డ్ కులాల కింద లెక్క. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. ఎస్సీలు క్రైస్తవం తీసుకుంటే మన దగ్గర బీసీ-సీ అవుతారు, ఆ వర్గానికున్న రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారినంత మాత్రాన పేట మారదు, పక్క వీధివాళ్ళు పిలిచే పిలుపు మారదు. కాగితం మీద మాత్రం అన్నీ మారిపోయినట్టు. అందుకే కొన్ని వేల ఇళ్ళల్లో పిల్లలకి రెండేసి పేర్లు. ఆ పిల్లలే ప్రతి ఆదివారం పొద్దున సండే స్కూల్లో కూర్చుని సత్యం పలకాలని నేర్చుకుంటారు. తెలుగు క్రైస్తవ బాల్యంలో ఇంతకన్నా పెద్ద కథ ఏముంది? ఎవరూ రాయరేం?

పెద్దాయన భయం నాకు అర్థంకాక కాదు. ఇలాంటి కథ తప్పుడు చేతుల్లో పడితే నలుగురి సర్టిఫికెట్ల మీదికి వస్తుంది. అది నిజమైన భయం, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఆయన ఆ మాట గదిలో, అందరి ముందూ, చర్చగా అని ఉంటే నేను చేతులెత్తి దణ్ణం పెట్టేవాణ్ణి. గదిలో ఆమెన్, గుమ్మం దగ్గర హెచ్చరిక. మన దగ్గర ప్రోత్సాహం అంటే ఇదీ.

ఇక రెండో వైపు. అదే కథని సాహిత్యంలో నేను ఎంతో గౌరవించే ఒక సంపాదకుడికి పంపాను. వారంలో ఫోన్ చేశారు. “కులం కథగా చాలా బలంగా ఉంది. ఆ సండే స్కూలు గొడవ తగ్గించి, చివర్లో ప్రార్థన తీసేస్తే వేసుకుందాం. లేకపోతే ప్రచార సాహిత్యం వాసనొస్తుంది” అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టేది ప్రార్థన తీసెయ్యమన్నందుకు కాదు (దాని సంగతి తర్వాత). ఆ పిల్ల భక్తిని కథకి అంటిన మరకలా చూసినందుకు. వీఆర్వో నిజం, క్యాలెండర్ నిజం, ఎస్సీ ఉత్తర్వు నిజం, పిల్లకి దేవుడి మీదున్న భయం మాత్రం ప్రచారం!

తండ్రి ఫలానా దేవుడి పేరెత్తకు అన్నప్పుడు ఇరకాటంలో పడే పిల్లల కథ తెలుగువాళ్ళకేమన్నా కొత్తా? ప్రహ్లాదుడి కథ వింటూనే కదా ఇక్కడ పిల్లలు పెరిగారు. పోతన చెప్పాడు, హరికథల్లో విన్నాం, సినిమాల్లో చూశాం, చందమామ చదివిన ఇళ్ళల్లో అది తెలియని పిల్లలుండేవారు కాదు. భక్తి తగ్గించి తండ్రీకొడుకుల సంఘర్షణ మాత్రం ఉంచమని పోతనని ఎవరూ అడగలేదు. అడిగితే కథే మిగలదు. నా కథలో ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ప్రహ్లాదుడి తండ్రి రాక్షసుడు, కాబట్టి ఎదిరించడం ఎంత కష్టమైనా ఎటువైపు నిలబడాలో తెలుసు. గ్రేస్ తండ్రి మంచివాడు. కూలి డబ్బుల్లో ఫీజు కట్టి కూతుర్ని నర్సింగ్ చదివించాలనుకుంటున్నవాడు. ఆయన చెప్పమంటున్నది అబద్ధమా, అసలు అబద్ధం ఆ ఉత్తర్వులోనే ఉందా? పదేళ్ళ పిల్ల దాన్నెలా తేల్చుకుంటుంది? ఆ పిల్ల నమ్మకాన్ని కథలోంచి పీకేస్తే ఇక్కడ తేల్చుకోవడానికేమీ లేదు. పేరు మార్చి చెబుతుంది, అంతే.

పెద్దల సాహిత్యంలో ఈ లోటు కొంత తీరింది. 1964లో సాహిత్య అకాడెమీ జాషువాకి అవార్డిచ్చింది క్రీస్తుచరిత్రకే. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’లో ఒక కుటుంబం తరతరాల కథలో భాగంగా మిషన్లూ మతం మారడమూ వస్తాయి. ఎం.ఎం. వినోదిని కథలున్నాయి. పిల్లల మాటకొస్తే నాకు ఎప్పుడూ అసూయ కలిగించే పుస్తకం మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’. నెల్లూరు జిల్లాలో ఒక ముస్లిం పిల్లాడి బాల్యం, వాళ్ళ నాన్న, అమ్మ, జేజి, పండగలు, లేమి. అది చదివి ఎవరూ మతం మారలేదు, ఎవరి మతమూ పోలేదు. చదివినవాళ్ళకి ఒక ఇల్లు తెలిసింది. చర్చి కాంపౌండు గోడకి ఇవతల పెరిగిన పిల్లలకి అలాంటి పుస్తకమేదీ? వెదురుబద్దలు కట్టి రంగుకాగితాలు అంటించిన స్టార్, డిసెంబరు చలిలో తెల్లారుజామున క్యారల్స్ రౌండ్లు, తువ్వాలు తలకి చుట్టుకుని గొర్రెల కాపరి వేషం, జ్ఞాని వేషం కోసం తన్నుకోవడం, వేసవి సెలవుల్లో వీబీఎస్, అక్కడిచ్చే రస్నా. ఇంత సరుకు పెట్టుకుని మేం రాసేదేమిటి?

అది కూడా చెప్పుకోవాలి. మా సండే స్కూలు కథకి ఒకటే అచ్చు. రాజు అనే పిల్లాడు పక్కింటి మామిడికాయ దొంగిలిస్తాడు. అమ్మతో అబద్ధమాడతాడు. సాయంత్రం చెట్టు మీంచి పడి చెయ్యి విరుగుతుంది. ఆస్పత్రి మంచం మీద టీచరక్క ప్రార్థన చేస్తుంది. రాజు పశ్చాత్తాపపడతాడు. చెయ్యి అతుక్కుంటుంది. చివర ఒక వాక్యం, కంఠత పెట్టాలి. ఈ రాజు చెయ్యి కొన్ని వందలసార్లు విరిగింది పాపం. పైగా మాట్లాడే భాష! పాత తెలుగు బైబిలు వినీ వినీ మా పాత్రలు “అమ్మా, నేను మిగుల ఆకలిగొని యున్నాను” అంటాయి. ఆ గ్రాంథికం చర్చిలో వింటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, అది వేరే సంగతి. ఆరో తరగతి పిల్లాడి నోట్లో పెడితే మాత్రం వాడు పిల్లాడు కాదు, పాంప్లెట్ అవుతాడు.

మరోపక్క చరిత్ర పడి ఉంది. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం తిండిలేక పడిపోతుంటే బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. అతని కంటే ముందే ఊరూరా తిరిగి బోధించినవాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. కరువు పని నడిచినన్నాళ్ళూ కూటి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకెని మా ప్రసంగాల్లో అందరూ వాడతారు. ఆ కాలువ గట్టు మీద తట్ట మోసిన పదేళ్ళ పిల్లాడు ఏమనుకున్నాడో ఒక్కరూ రాయలేదు. వాడు బాప్తిస్మం తీసుకున్నది నమ్మా, అమ్మ తీసుకుందనా, ఆ రోజు వంటలో కూరేమిటో చూద్దామనా? ఇలా అడగడం దైవదూషణ కాదు. పిల్లల నవల మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ వెళదాం. పిల్లల క్రైస్తవ కథ అనగానే మా కూటాల్లో అందరూ నార్నియా పేరు చెబుతారు కాబట్టి. 2005లో సినిమా వచ్చినప్పుడు నా హాస్టల్లో అందరం చూశాం. అస్లాన్ చనిపోయి లేవడంలో ఏముందో పట్టుకున్నది ముగ్గురమో నలుగురమో. మిగతావాళ్ళకి అది సింహమే. సింహంగానే నచ్చింది. సి.ఎస్. లూయిస్ కోరుకున్నది కూడా అదేననుకుంటాను. పిల్లలకి క్రైస్తవం ఎలా చెప్పాలా అని కూర్చుని ఆ కథ కట్టలేదని, మొదట కళ్ళముందు బొమ్మలే కదిలాయని ఆయనే 1956లో ఒక వ్యాసంలో రాశాడు. మంచులో గొడుగు పట్టుకుని పొట్లాలు మోసుకెళ్ళే మేకకాళ్ళ మనిషి బొమ్మ పదహారేళ్ళప్పట్నుంచీ ఆయన బుర్రలో ఉంది. దేవుడి గురించి ఫలానా విధంగా ఫీలవ్వాలని పెద్దలు చెప్పడం వల్లే చిన్నప్పుడు తనకేమీ అనిపించేది కాదని కూడా అందులోనే ఒప్పుకున్నాడు. మా సండే స్కూలు పుస్తకాలు వేసేవాళ్ళు ఆ వ్యాసం చదవాలి.

లూయిస్ గదిలో గురువారం రాత్రుళ్ళు కలిసే ఇంక్లింగ్స్ అనే మిత్రబృందం గురించి కూడా మావాళ్ళు చాలా చెబుతారు. విశ్వాసులైన రచయితలు ఒకర్నొకరు ప్రోత్సహించుకున్నారని, మనమూ అలా ఉండాలని. సరే, ఉందాం. ముందు వాళ్ళెలా ఉన్నారో చూద్దాం. అక్కడ టోల్కీన్ కేథలిక్, లూయిస్ ఆంగ్లికన్, ఓవెన్ బార్‌ఫీల్డ్ దారి పూర్తిగా వేరు. హ్యూగో డైసన్‌కి టోల్కీన్ ఎల్ఫులంటే మహా విసుగు. చివరికి ఆయనుంటే ఆ చదువు ఆపెయ్యాల్సి వచ్చేది. (ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ విషయంలో వాళ్ళని ఆదర్శంగా తీసుకోనక్కర్లేదు.) లార్డ్ ఆఫ్ ద రింగ్స్ 1937 చివర మొదలైతే పూర్తయ్యేసరికి పన్నెండేళ్ళు పట్టింది. మధ్యలో ఆగిపోయినప్పుడు లూయిస్ వదల్లేదు, తర్వాతి అధ్యాయం ఏదీ అని వెంటపడ్డాడు. తాను లూయిస్‌కి తీర్చుకోలేనంత బాకీ ఉన్నానని, అది ప్రభావం కాదు, ఒట్టి ప్రోత్సాహమని, చాలాకాలం తనకున్న ఏకైక శ్రోత అతనేనని టోల్కీన్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు.

ఇంతవరకూ మా పెద్దలు చెబుతారు. తర్వాతది చెప్పరు. 1949లో లూయిస్ నార్నియా మొదటి కథ టోల్కీన్‌కి చదివి వినిపిస్తే ఆయనకి అస్సలు నచ్చలేదు. రకరకాల పురాణాల శాల్తీల్ని ఒకే అడవిలో కలిపేశాడని ఆయన కంప్లైంటు. మతం ఒకటే, స్నేహం ఇరవై ఏళ్ళది, పైగా లూయిస్ని క్రైస్తవం వైపు నడిపించినవాళ్ళలో టోల్కీన్ ఒకడు. అయినా “బావుంది బ్రదర్” అనలేదు. లూయిస్ బెంగపడ్డాడు. రోజర్ లాన్సలిన్ గ్రీన్ అనే పాత విద్యార్థికి చదివి వినిపించి, ఇది కొనసాగించదగ్గదేనా అని అడిగాడు. గ్రీన్ అవునన్నాడు. అని ఊరుకోలేదు, క్రిస్మస్ తాత ఇందులో ఇమడడని వాదించాడు. లూయిస్ ఆ మాట వినలేదు, తాతని ఉంచేశాడు. 1950లో పుస్తకం వచ్చింది, 1956 కల్లా ఏడూ వచ్చేశాయి. నా లెక్కలో టోల్కీన్ విసుగూ ప్రోత్సాహమే. ఎందుకంటే ఆయన విన్నాడు. విన్నవాడికే విసుగొస్తుంది.

మా ఆఫీసులో కోడ్ రివ్యూకి పంపితే కొందరు రెండు నిమిషాల్లో ‘లుక్స్ గుడ్’ అని కొట్టి అప్రూవ్ చేసేస్తారు. ఎనిమిది వందల లైన్లు రెండు నిమిషాల్లో! రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ఫోనొచ్చేది వాళ్ళకి కాదు, నాకు. కథల్లో ఫోన్ కూడా రాదు. పుస్తకం మంచం కింద పడి ఉంటుంది, అంతే.

ఇది ఊరికే అనడం లేదు. ఆరేళ్ళ క్రితం మా కూటంలో ఒక రిటైర్డ్ ఉద్యోగి పిల్లల కోసం నవల రాసి నాకు చదవమని ఇచ్చారు. రెండు అధ్యాయాలు చదివాను. రాజు లాంటి పిల్లాడే, విరిగింది చెయ్యి కాదు కాలు. ఆయన వయసు చూసి, ఆ ముఖంలో ఆశ చూసి “బావుంది అంకుల్, వెయ్యండి” అన్నాను. పదవీవిరమణ డబ్బుల్లోంచి తీసి వెయ్యి కాపీలు వేయించారు. కిందటేడు వాళ్ళింటికి వెళితే అట్టపెట్టెలు ఇంకా అలాగే ఉన్నాయి, మీద దుప్పటి కప్పి టీవీ స్టాండులా వాడుతున్నారు. ఆంటీ నాకు టీ ఇచ్చింది. ఆయన ఒక్క మాటా అనలేదు. ఆ నవల మూడో అధ్యాయంలో, నేను అప్పుడు చదవని అధ్యాయంలో, ఒక సన్నివేశం ఉంది. పాస్టరు గారి కొడుకు కానుకల సంచీ పట్టుకుని వరస వెంట వస్తుంటే, తన దగ్గర వెయ్యడానికేమీ లేక ఒక పిల్లాడు ఖాళీ గుప్పిట సంచీలో పెట్టి తెరుస్తాడు. ఆ ఒక్క సన్నివేశం పట్టుకుని ‘అంకుల్, మిగతాదంతా పక్కన పెట్టి ఇక్కణ్ణుంచి మళ్ళీ రాయండి’ అని ఎవరైనా చెప్పి ఉంటే? ఎవరైనా ఏమిటి, నేను చెప్పి ఉంటే. ఇంటికి తెచ్చుకున్న కాపీలో అది ఇప్పుడు చదివాను. ఆయనకి కంటిచూపు తగ్గింది. ఇక రాయరు.

కాబట్టి నేను పోట్లాడుతున్నది మా పెద్దాయనతోనో, ఆ సంపాదకుడితోనో మాత్రమే కాదు. వాళ్ళిద్దరూ నా కథలో చెరి సగం నరికేద్దామనుకున్నారు. ఒకరు కులం వద్దన్నారు, ఒకరు క్రీస్తు వద్దన్నారు. నేను ఆ అంకుల్ నవల మొత్తాన్నీ ఒక్క మాటతో చంపాను. ముగ్గురిలో మర్యాదగా ప్రవర్తించింది నేనే.

చివరికి నా కథ చదివింది పిల్లలకి దెయ్యాల కథలు రాసే ఒకమ్మాయి. నాకంటే చిన్నది. దేవుడి మీద నమ్మకం లేదు, దెయ్యాల మీద కూడా లేదట. ప్రింటు తీసి తెచ్చింది, మార్జిన్ల నిండా పెన్సిలు గీతలు. కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న, “వీఆర్వో వెళ్ళిపోయాక ఆ పిల్ల వాళ్ళ నాన్నతో మాట్లాడిందా అన్నా?” నా దగ్గర సమాధానం లేదు. నా ముగింపులో నాన్న మోకాళ్ళ మీద పడి క్షమించమని ప్రార్థిస్తాడు, గ్రేస్ ఏడుస్తుంది, పరలోకపు శాంతి ఇల్లంతా నిండుతుంది.

“ఈ ప్రార్థన తీసెయ్యాలా?” అన్నాను, సంపాదకుడి మాట గుర్తొచ్చి.

“ఎందుకు తియ్యడం? ప్రార్థన ఉండాలి. వాళ్ళింట్లో ప్రార్థన చెయ్యకుండా ఆ రాత్రి ఎలా పడుకుంటారు? కానీ ఇది నువ్వు చేశావన్నా. వాళ్ళు చెయ్యలేదు.”

నేను దెబ్బతిన్నాను. రెండ్రోజులు ఆమె మెసేజీకి జవాబివ్వలేదు కూడా. నమ్మకం లేని మనిషి నాకు ప్రార్థన గురించి చెప్పడమేమిటని. మూడో రోజు కథ తెరిచి చూస్తే అది నిజంగా నా గొంతే, పుల్పిట్ మీంచి వస్తున్నట్టు. తీసి మళ్ళీ రాశాను. ఇప్పుడు వీఆర్వో టీ తాగుతూ గోడ మీద క్యాలెండర్ తీసేసిన చోట మిగిలిన తెల్లటి చదరం వైపు చూస్తాడు. ఏమీ అనడు. సంతకం పెడతాడు. రాత్రి భోజనాల ముందు నాన్న ప్రార్థన మొదలుపెట్టి “ప్రభువా” అని ఆగిపోతాడు. ఎంతకీ రెండో మాట రాదు. అన్నం చల్లారిపోతుంటే గ్రేస్ “ఆమెన్” అంటుంది. మరి నాన్నతో మాట్లాడిందా అంటే, అదే మాట్లాడటం.

ఆ కథ ఇంకా ఎక్కడా అచ్చవలేదు. పెద్దాయన భయం, సంపాదకుడి షరతు, రెండూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు నెలకి రెండో శనివారం సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో మేం నలుగురం కూర్చుంటున్నాం. ఆ అమ్మాయి, నేను, ఒక ఆర్‌సీఎం స్కూలు టీచరు, క్రికెట్ నవల రాస్తున్న ఇంటర్ కుర్రాడు. ఎవరి ప్రింటు వాళ్ళు తెచ్చుకోవాలి, చదివేది బయటికి చదవాలి, ‘బావుంది’ అన్నవాళ్ళు ఏ పేజీలో బావుందో చూపించాలి. కాలువ గట్టు పిల్లాడి కథ మొదలుపెట్టి మొన్న మొదటి అధ్యాయం చదివాను. అయిదో పేజీలో క్లౌ దొర గురించి నేను చరిత్ర చెబుతుంటే ఇంటర్ కుర్రాడు ఆవలించాడు. నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు గానీ కనిపించింది. ఆ పేజీ తీసేశాను.